బాయిలర్ గదికి రెండో ఫోను

ప్రియమైన చిన్నోడికి,

నలభై ఏళ్ళొచ్చినా నిన్ను ఇలాగే పిలుస్తాను, మూతి ముడవకు. నువ్వూ నీ భార్యా కులాసాయే అనుకుంటాను. స్పీకర్ కాయిల్స్ చుట్టే పని నీకు విసుగు పుట్టిస్తోందని మరదలు పోయిన ఉత్తరంలో రాసింది. పద్నాలుగేళ్ళు రేడియో స్టూడియోలో సౌండ్ ఇంజినీరుగా చేసినవాడికి ఆ పని చిన్నదే. కానీ ఐదేళ్ళ కిందటి ఆ పాడు జ్వరం నీ రెండు చెవులూ పట్టుకుపోయాక, చేతులతో చేసే పని ఏదైనా నీకు మంచిదే.

ఇక అసలు విషయం. కూర్చుని చదువు.

నెల కిందట మా ప్రెస్సు ఓనరు ఒక రాతప్రతి తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. ‘జాగ్రత్తగా కంపోజ్ చెయ్యమ్మా, పెద్దాయన జీవిత కథ’ అన్నాడు. పేరు చూడగానే నా ఒళ్ళు మండిపోయింది. కాగితం మిల్లు మేనేజరు. ఆయనే. డెబ్బై ఎనిమిదేళ్ళు, చక్కగా బతికే ఉన్నాడు.

నేను రోజుకు పది పేజీల చొప్పున కొట్టుకుంటూ పోయాను. నూట పన్నెండో పేజీకి వచ్చేసరికి ఇది ఉంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: ‘ఆనాడు బాయిలర్ ఆపరేటరు తాగి నిద్రపోయాడు. అతని నిర్లక్ష్యానికి అతనితోపాటు ఇంకో కార్మికుడు కూడా బలయ్యాడు. నా సర్వీసుకు మచ్చ తెచ్చిన ఆ అభాగ్యుణ్ణి నేను ఏనాడో క్షమించాను.’

క్షమించాడట! మన నాన్నని! జన్మలో ఒక్క చుక్క ముట్టని మనిషిని! విచారణలో ఆ మాట చెప్పి మనల్ని క్వార్టర్సు నుంచి గెంటించింది చాలక, ఇరవై రెండేళ్ళ తర్వాత అచ్చు కూడా వేయించుకుంటున్నాడు. ఆ అచ్చు నా వేళ్ళతోనే కొట్టించాడు. ఆ పేజీ అయ్యాక కుళాయి దగ్గరికి వెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కున్నాను.

ఆ ప్రూఫు కాగితం పట్టుకుని ఆదివారం మిల్లు ఆపరేటరమ్మ ఇంటికి వెళ్ళాను. గుర్తుందిగా, మేనేజరు గది బయట కూర్చుని ఫోన్లు కలిపే ఆవిడ. చదివి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. లోపలికి వెళ్ళి మందుల డబ్బాలోంచి ఒక క్యాసెట్ తెచ్చింది.

‘ఆయనకి తన ఫోన్లో మాటలన్నీ రికార్డు చేసే అలవాటు ఉండేదమ్మా, సరుకు కొనేవాళ్ళు రేపు మాట మార్చకుండా. బాయిలరు పేలిన సాయంత్రం ఈ టేపు నా చేతికిచ్చి చెరిపెయ్యమన్నాడు. నేను ఇంకో ఖాళీ టేపు తిరిగిచ్చాను. దీనిలో మీ నాన్న ఉన్నాడు.’

‘ఇన్నేళ్ళూ ఎందుకు దాచావమ్మా?’ అన్నాను.

‘ముందు ఉద్యోగం. తర్వాత పెన్షను. ఆ తర్వాత సిగ్గు.’

ఆవిడ మీద కోప్పడే ఓపిక నాకు లేదు. ఉన్న కోపమంతా ఒక్కడి కోసమే దాచుకున్నాను.

పుస్తకావిష్కరణ వచ్చే నెల ఇరవయ్యో తారీఖు, ఉదయం పది గంటలకి. ఆహ్వాన పత్రం కూడా నేనే కంపోజ్ చేశాను. ఆ హాల్లో, ఆయన పరివారమంతా ముందు వరసలో కూర్చుని ఉండగా, ఈ టేపు పెద్ద స్పీకర్లలో మోగాలి. అదే నాక్కావాల్సింది. కోర్టుకి పోయే కాలం దాటిపోయింది, ఆ సంగతి అడిగి తెలుసుకున్నాను. మిగిలింది ఈ హాలే.

కానీ టేపు పాతది. తెగితే అంతే సంగతులు. అందుకే నా ఇంటి కంప్యూటర్‌లోకి ఎక్కించి పెట్టుకుందామని చూశాను. టేప్ రికార్డరు ముందు మైకు పెట్టి, ఒక పాటల క్యాసెట్‌తో పరీక్ష చేశాను. నా ఫ్యాను చప్పుడు, పక్కింటావిడ అరుపులు, నా తుమ్ము, అన్నీ వచ్చాయి, పాట తప్ప. నువ్వే దారి చెప్పాలి. అసలు టేపు ఇంకా ఒక్కసారి కూడా వినలేదు. భయంగా ఉంది.

నీ అక్క


అక్కకి, తమ్ముడు ప్రేమతో రాసేది,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. నీ మరదలు వాళ్ళమ్మకి ఒంట్లో బాగాలేదని వెళ్ళింది, వచ్చే నెల మొదట్లో వస్తుంది. కోపం చెప్పుకోవడానికి కూడా మనిషి లేడు. కాయిల్ చుట్టే మిషను మీద చూపించాను, మూడు తీగలు తెగాయి.

వినకపోవడం మంచిపని చేశావు. అలాగే ఉంచు. ఇప్పుడు నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యి.

మొట్టమొదట, క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. స్క్రూడ్రైవరుతో వాటిని విరిచెయ్యి. ఇక ఎవరి వేలు తప్పు మీట మీద పడినా అది చెరిగిపోదు.

నీ డొక్కు టేప్ రికార్డరు వద్దు. నీ కింది వాటాలో డాన్సు టీచరు ఉందన్నావు కదా, ఆవిడ దగ్గర మంచి టేప్ డెక్ ఉంటుంది, అడుగు. దానిలో టేపుకి ఆనే తలని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడువు. టేపుని ఒకసారి చివరిదాకా తిప్పి మళ్ళీ వెనక్కి చుట్టు. ఇరవై రెండేళ్ళుగా కదలని టేపు పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి.

మైకు సంగతి మర్చిపో. గాలిలోంచి పట్టుకోవాల్సిన పని లేదు, తీగలోంచి తీగలోకే పోవాలి. డెక్ వెనక ‘లైన్ అవుట్’ అని ఎరుపు, తెలుపు రంధ్రాలు రెండు ఉంటాయి. ఒక చివర రెండు పిన్నులు, రెండో చివర ఒక్క పిన్ను ఉండే తీగ కొనుక్కో. ఆ ఒక్క పిన్నుని కంప్యూటర్ వెనక సౌండ్ కార్డులో నీలం రంగు రంధ్రంలో పెట్టు. గులాబీ రంగుది మైకుది. అందులో పెట్టావంటే మాటంతా చితికిపోతుంది, ఎందుకంటే మైకు నుంచి వచ్చే చిన్న గొంతుని పెద్దది చెయ్యడం దాని పని. డెక్ నుంచి వచ్చేది ముందే పెద్ద గొంతు. ఆ తర్వాత కంప్యూటర్‌లో వాల్యూమ్ కిటికీ తెరిచి, రికార్డింగ్ జాబితాలో ‘లైన్ ఇన్’ ఎంచుకో, మిగతావన్నీ ఆపెయ్యి. డెక్, కంప్యూటర్ రెంటి ప్లగ్గులూ ఒకే బోర్డులో పెట్టు. లేకపోతే జుమ్మని తుమ్మెద మోగినట్టు మోత వస్తుంది.

రికార్డు చేసేటప్పుడు తెర మీద గొంతుతోపాటు కదిలే పచ్చ గీత ఎరుపులోకి పోకూడదు. పోయిందంటే గొంతు పై అంచు కోసేసినట్టు తెగిపోతుంది, తర్వాత ఎవరూ అతికించలేరు. కొంచెం తక్కువే పెట్టు. మాటలు అయిపోయాయని ఆపెయ్యకు. ఖాళీగా ఉన్నా సరే, ఆ వైపంతా చివరిదాకా ఎక్కించు.

అయ్యాక ఒక సీడీ నాకు పంపు. నేను వినలేననుకో, చూడగలను. గొంతు తెర మీద గీతలా కనిపిస్తుంది, ఆ గీత చదవడం నేనింకా మర్చిపోలేదు.

ఇంకోటి అడుగుతున్నాను. నాన్న గొంతు ఎలా ఉందో రాయి. నాకు చెవులు పోయాక మొదట మర్చిపోయింది అదే. అమ్మ గొంతు జ్ఞాపకం ఉంది, నీది ఉంది, నాన్నది మాత్రం రావడం లేదు.

హాలు సంగతి నాకు వదిలెయ్యి. ఆ హాల్లో సౌండు చూసేవాడు రేడియోలో నా దగ్గర పని నేర్చుకున్నవాడే. ఆ ముసలాడు తలెత్తి కూర్చున్న చోటే తల దించాలి. అది నేను కళ్ళారా చూడాలి.

నీ తమ్ముడు


ప్రియమైన చిన్నోడా,

అయింది! నువ్వు చెప్పిన ప్రకారం అన్నీ చేశాను. డాన్సు టీచరు డెక్ ఇవ్వడమే కాక తనే మోసుకొచ్చింది. మొదట ఏ చప్పుడూ రాలేదు. చూస్తే ‘లైన్ ఇన్’ ఎంచుకోవడం మర్చిపోయాను. తర్వాత గీత కదలడం మొదలుపెట్టింది. మొదటి రెండు ఫోన్లూ కాగితం గుజ్జు అమ్మేవాళ్ళవి. మూడోది నాన్నది.

నాన్న గొంతు అడిగావు. సన్నగా ఉందిరా. మనం అనుకున్నట్టు బొంగురు గొంతు కాదు. బాయిలర్ మోతలో మాట్లాడి మాట్లాడి, ప్రతి మాటనీ చివర్లో కాస్త లాగుతున్నాడు, అవతలివాడికి అందిందో లేదో అన్నట్టు. ‘సార్’ అనేటప్పుడు ముందు చిన్న ఊపిరి తీసుకుంటున్నాడు. నువ్వూ అంతే చేస్తావు, తెలుసా? నీకు తెలీదు.

మాటలు ఇవీ, అక్షరం పొల్లుపోకుండా:

‘సార్, సేఫ్టీ వాల్వు బిగుసుకుపోయింది. ప్రెజరు ఎక్కుతోంది గానీ వాల్వు లేవడం లేదు. నిప్పు లాగేసి ఆపేస్తాను.’

‘ఆపడమేంటి? సాయంత్రానికి సరుకు లారీ ఎక్కాలి.’

‘చల్లారాక విప్పి చూస్తే రెండు గంటల పని సార్.’

‘రెండు గంటలు నీ అబ్బ సొమ్మా? నడుపు.’

‘నా వల్ల కాదు సార్. మనుషులున్నారు ఇక్కడ. ఆపేస్తున్నాను.’

తర్వాత ఠపీమని ఫోను పెట్టేసిన చప్పుడు. నాన్నే పెట్టేశాడు. మేనేజరు ‘హలో, హలో’ అంటున్నాడు ఇటు పక్క. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. కుర్చీలోంచి లేచి నిలబడి విన్నాను ఆ ముక్క.

తాగి నిద్రపోయాడట. వింటే తెలుస్తుంది ఎవడు నిద్రపోయాడో. నాన్నతోపాటు పోయిన బొగ్గేసే మామ భార్య ఇరవై రెండేళ్ళుగా మన గుమ్మం దాటేటప్పుడల్లా ఉమ్మేసి పోతోంది, ‘నా మొగుణ్ణి చంపింది ఈ ఇంటివాడే’ అంటూ. ఆవిణ్ణి కూడా ముందు వరసలో కూర్చోబెడతాను.

సీడీ పంపుతున్నాను. మొత్తం టేపు ఉంది. గీతలు ప్రెస్సులో ప్రింటు కూడా తీశాను. ఓనరు ‘ఇదేం ముగ్గు?’ అన్నాడు. ‘నేను వేస్తున్న ముగ్గే, ఇరవయ్యో తారీఖున చూద్దురుగాని’ అన్నాను. నవ్వాడు పాపం.

ఆ మనిషి నిన్న ప్రెస్సుకి వచ్చాడు, అట్ట రంగు చూసుకోవడానికి. నన్ను గుర్తుపట్టలేదు. ‘అక్షర దోషాలు లేకుండా చేశావమ్మా’ అని మెచ్చుకున్నాడు. నేను నవ్వుతూ నమస్కారం పెట్టాను. పళ్ళు నొప్పెట్టేంత నవ్వు నవ్వాను.

నీ అక్క


అక్కకి,

సీడీ చేరింది. షాపు మూసే వేళ దాకా ఆగలేక మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాను. మూడో ఫోను చూశాను. నాన్న మాట్లాడిన చోట గీత ఎలా ఉందో వేలితో తెర మీద తడిమాను. ‘సార్’ ముందు ఊపిరి కూడా కనిపించింది, చిన్న బుడిపెలాగా. చాలా బాగా ఎక్కించావు, ఒక్క చోట కూడా అంచు తెగలేదు. నా దగ్గర పనిచేసినవాళ్ళు ఎవరూ మొదటిసారే ఇంత శుభ్రంగా చెయ్యలేదు.

కానీ ఒక విషయం నన్ను తినేస్తోంది. నాన్న ఫోను చేసింది పొద్దున పదింటికి అనుకుందాం. ఆపేస్తున్నానన్నాడు. నిప్పు లాగేస్తే గంటలో ప్రెజరు పడిపోవాలి. మరి బాయిలరు మధ్యాహ్నం రెండుంబావుకి ఎలా పేలింది? మేనేజరు బాయిలర్ గదిలోకి వచ్చి దగ్గరుండి నడిపించాడా? అదీ మనకి దొరికితే వాడికి ఇక నోరెత్తే దారి ఉండదు.

అందుకే మిగతా టేపంతా జల్లెడ పట్టాను. మూడో ఫోను అయిపోయాక మేనేజరు మిషను ఆపడం మర్చిపోయినట్టున్నాడు, టేపు తిరుగుతూనే ఉంది. పదకొండు నిమిషాల తర్వాత గీత మీద చీమల బారులాంటి కదలిక ఉంది. నువ్వు వట్టి గరగర అనుకుని ఉంటావు. గరగర కాదు. పక్క ఫోనులో మాట్లాడి ఉంటాడు. తీగలు పక్కపక్కనే పోతుంటే ఒకదానిలో మాట రెండోదానిలోకి కాస్త కారుతుంది. ఆ ముక్కని మౌసుతో ఎంచుకుని, ఇరవై రెట్లు పెద్దది చేసి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని విను. ఏం విన్నావో వెంటనే రాయి.

నేను పంతొమ్మిదిన బయల్దేరుతున్నాను. టికెట్టు కూడా కొన్నాను. నాకిప్పుడు ఆకలి కూడా పగ లాగే వేస్తోంది.

తమ్ముడు


చిన్నోడికి,

నువ్వు చెప్పిన ముక్క విన్నాను. ఏమీ లేదు. ఆపరేటరమ్మ ఎవరితోనో కబుర్లు చెబుతోంది.

చాలా ఆలోచించాను. వద్దురా ఇదంతా. ఆయన ముసలివాడు, ఇవాళో రేపో. నాన్న ఎలాంటివాడో నీకు తెలుసు, నాకు తెలుసు, చాలదా? ఊళ్ళో నలుగురి ముందు ఆయన గొంతు మోగించి మనం పొందేదేముంది? అమ్మ ఉంటే ఒప్పుకునేది కాదు. ఆ సీడీ విరిచి పారెయ్యి. నా కంప్యూటర్‌లోది చెరిపేశాను. టికెట్టు వాపసు ఇచ్చెయ్యి. ఆ రోజు నేనూ వెళ్ళను, ప్రెస్సులో సెలవు అడిగాను.

ఒంట్లో జాగ్రత్త. చలికి మెడ కప్పుకో.

అక్క


అక్కకి,

నీ ఉత్తరం నా అక్క రాసినట్టు లేదు.

నెల రోజులుగా నన్ను రగిలించింది ఎవరు? ‘మిగిలింది ఈ హాలే’ అన్నదెవరు? లేచి నిలబడి విన్నానని రాసిన మనిషి, పది రోజుల్లో ‘ఆయన ముసలివాడు’ అంటోంది. ఏం జరిగింది? బెదిరించాడా? ఓనరు నీ ఉద్యోగం తీసేస్తానన్నాడా? లేక ఆ అక్షర దోషాల మెప్పుకి కరిగిపోయావా? నిన్ను ఈ మాట అడగాల్సి వచ్చినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది, అయినా అడుగుతున్నాను.

ఇంకోటి. నువ్వు అబద్ధం రాశావు. కబుర్లు చెప్పే ఆడగొంతు గీత ఎలా ఉంటుందో నాకు తెలుసు. అక్కడ ఉన్నవి రెండు మగ గొంతులు. ఒకరు ఎక్కువ మాట్లాడారు, ఒకరు తక్కువ. మధ్యలో ఒక చోట పదకొండు సెకన్లు ఇద్దరూ మాట్లాడలేదు. తక్కువ మాట్లాడిన మనిషి గీతలో, మాటకి ముందు చిన్న బుడిపె ఉంది. అది నాన్న ఊపిరి. నువ్వే నేర్పావు నాకు.

నా చెవులు పోయాయి గానీ కళ్ళున్నాయి. నువ్వు చెప్పకపోతే చెవులున్న మనిషిని అడుగుతాను. నీ మరదలు ఆదివారం వస్తోంది.

తమ్ముడు


చిన్నోడా,

నా బంగారు కొండవి, ఎవరినీ అడగొద్దు. నా మీద ఒట్టు. నీకు నా మీద కోపం ఉంటే ఉండనీ, జన్మంతా ఉండనీ. అది మాత్రం వినిపించుకోవద్దు.

అక్క


ప్రియమైన అక్కకి,

ఇది నీ మేడ మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఇరవయ్యో తారీఖు, సాయంత్రం ఐదు. చాలాసేపు తలుపు తట్టాను. నువ్వు లేవో, ఉండి తియ్యలేదో, లోపలినుంచి ‘వస్తున్నా’ అన్నావో, నాకెలా తెలుస్తుంది? నీ మరదలు కింద డాన్సు టీచరు ఇంట్లో కూర్చుంది. రాయడం అయ్యాక ఇది తలుపు కింద నుంచి తోస్తాను.

ఆదివారం నీ మరదలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, ఒక కాగితం మీద రాసింది. సగం రాశాక పెన్ను కింద పెట్టేసింది. ‘మిగతాది వద్దు’ అని సైగ చేసింది. నేను పెన్ను మళ్ళీ ఆమె చేతిలో పెట్టాను. ఆ కాగితంలో ఉన్నది నీకు తెలుసు. అయినా రాస్తున్నాను, మనిద్దరి మధ్యా ఇక దాపరికం ఉండకూడదు.

‘ఇంకా ఆవిరి రాలేదేం?’

‘నిప్పు సగం లాగేశాను సార్.’

‘మళ్ళీ వెయ్యి. మీవాడి సిఫారసు కాగితం నా టేబుల్ మీదే ఉంది. ఆ సౌండు కోర్సులో సీట్లు పన్నెండే. నా సంతకం లేకుండా వాడికి రాదని నీకూ తెలుసు.’

ఇక్కడ పదకొండు సెకన్లు.

‘పోనీ, బొగ్గేసేవాణ్ణి బయటికి పంపేసి నేనొక్కణ్ణే నడుపుతాను సార్.’

‘వాడు లేకపోతే బొగ్గు ఎవడేస్తాడు? ఇద్దరూ ఉండండి.’

‘సంతకం ఇవాళే పెడతారా సార్?’

‘ఇప్పుడే పెడుతున్నా.’

‘సరే సార్.’

నా సర్టిఫికెట్ల ఫైలు తీసి చూశాను. సిఫారసు కాగితం నకలు అందులోనే ఉంది. తారీఖు బాయిలరు పేలిన రోజుదే. నాన్న పోయిన మూడో వారం నేను కోర్సులో చేరాను. చేరే ముందు అమ్మ నన్ను మేనేజరు ఇంటికి తీసుకెళ్ళి దండం పెట్టించింది, ఇంత జరిగినా మాట నిలబెట్టుకున్న మహానుభావుడని. నేను పెట్టాను. ఆయన నా భుజం తట్టాడు.

రెండు రోజులు నేను మనిషిని కాదు. ఆ తర్వాత నీ మీద కోపం వచ్చింది. నాకు దెబ్బ తగలకూడదని దాచావు. నాన్న చేసిందీ అదే. నా కోసం ఆయన బాయిలరు నడిపాడు, నా కోసం నువ్వు కంప్యూటర్‌లోది చెరిపావు, ఇద్దరిలో ఒక్కరూ నన్నడగలేదు. ఇక మీదట నా కోసం ఏదైనా చెయ్యాలంటే ముందు నన్నడుగు. ఇదొక్కటే నీకు నేను పెట్టే శిక్ష.

పంతొమ్మిదిన రాగానే బొగ్గేసే మామ ఇంటికి వెళ్ళాం. ఆ అత్తకి ఉన్నదంతా చెప్పాను, నాన్న ‘సరే సార్’ అనడం దాకా. ఆవిడ విని ఏదో అంది. నీ మరదలు రాసి చూపించింది: ‘ఇరవై రెండేళ్ళు మీ గుమ్మం మీద ఉమ్మేశాను. ఇప్పుడు ఎక్కడ ఉమ్మాలో నువ్వే చెప్పు.’

‘రేపు హాలుకి రా. విని నువ్వే తేల్చుకో’ అన్నాను.

ఇవాళ పొద్దున తొమ్మిదికే హాలు చేరాను. నా శిష్యుడు నన్ను చూసి కావలించుకుని, సౌండ్ మిక్సరు ముందు తన కుర్చీ నాకిచ్చాడు. ఏం చేయబోతున్నానో చెప్పాను. తర్వాత ‘నేను టీ తాగడానికి వెళ్తున్నాను, నాకేమీ తెలీదు’ అని కాగితం మీద రాసిచ్చి వెళ్ళిపోయాడు. నీ మరదలు మూడో వరసలో కూర్చుంది. మేనేజరు ఆ ప్రమాదం మాట ఎత్తగానే తను చెయ్యి లేపాలని అనుకున్నాం.

మేనేజరు పావుగంట మాట్లాడాడు. తెల్లటి జుట్టు, చక్కటి కోటు. చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నాడు. నీ మరదలు చెయ్యి లేపింది. కానీ వెంటనే వెనక్కి తిరిగి రెండు వేళ్ళు చూపించి తలాడించింది. రెండోది కూడానా, అని అడుగుతోంది. నేనూ రెండు వేళ్ళు చూపించాను. ఆయన మైకు తగ్గించి, నాన్నని పెంచాను.

ఏమీ వినలేదు నేను. మనుషుల్ని చూశాను. నాన్న మొదటి ఫోను మోగుతుంటే ముందు వరసలో మెడలు ఒక్కొక్కటే వేదిక వైపు తిరిగాయి. ఆయన మైకు మీద వేలితో కొట్టి చూశాడు, అది చచ్చిపోయిందనుకుని. తర్వాత తన గొంతు గుర్తుపట్టాడు. ఆ క్షణం కోసం నేను ఎన్ని రాత్రులు పళ్ళు కొరికానో! తల దించలేదు అక్కా. నోరు తెరుచుకుని, పైకి, స్పీకరు వైపు చూస్తూ ఉండిపోయాడు. నాకు సంతోషం వేసింది. అబద్ధం చెప్పను, చాలా సంతోషం వేసింది.

రెండో ఫోను మొదలైంది. మెడలు ఇటు, నా వైపు తిరిగాయి. నేను లేచి నిలబడ్డాను, ఆ కొడుకుని నేనే అని అందరికీ తెలిసేట్టు.

ముఖ్య అతిథి పక్క తలుపు నుంచి జారుకున్నాడు. మీ ఓనరు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. నేను వేదిక ఎక్కాను. ఆయన నాతో ఏదో అంటున్నాడు.

‘నాకు వినబడదు. చెప్పాల్సింది రాయండి’ అన్నాను.

సంతకాల కోసం తెచ్చుకున్న పెన్ను తీసి, ఆహ్వాన పత్రం వెనక రాశాడు: ‘మీ నాన్నే కదా ఒప్పుకున్నది.’

గొంతు పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. రాసింది నిజం కాబట్టి. ‘అవును, ఒప్పుకున్నాడు. మీరు అడిగారని, ఆయన ఒప్పుకున్నాడని రాయండి. తాగాడని ఎందుకు రాశారు?’ అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు తెలీదు. మైకు లేకుండానే చివరి వరస దాకా వినబడిందట.

అంతలో బొగ్గేసే మామ భార్య మెట్లెక్కి వచ్చింది. దొంతరలోంచి ఒక పుస్తకం తీసి, నూట పన్నెండో పేజీ వెతకమని నీ మరదల్ని అడిగి, ఆయన ముందు పరిచింది. వేలు పెట్టి చూపించింది. కొట్టెయ్యమంది. ఆయన కూతురు అడ్డం రాబోయింది. ఆయనే చెయ్యెత్తి ఆపాడు. గీత కొట్టి, పక్కన సంతకం చేశాడు. ఆవిడ ఆ పుస్తకం చంకలో పెట్టుకుని దిగిపోయింది, ఎవరి మీదా ఉమ్మకుండా. ఆవిడ వెనక మిల్లులో చేసిన ముసలివాళ్ళు ఒక్కొక్కరే పుస్తకం పట్టుకుని వరస కట్టారు. ఎవరూ అరవలేదట. పేజీ తెరవడం, ఆయన కొట్టెయ్యడం, సంతకం, తర్వాతి మనిషి. డెబ్బై పుస్తకాలు దాటాక ఆయన వేళ్ళు బిగుసుకుపోయాయి. నేను జాలిపడలేదు. జాలి రేపో ఎల్లుండో వస్తుందేమో, ఇవాళ మాత్రం రాలేదు.

ఇక నీతో పని. ఇంకా నాలుగు వందల ముప్ఫై కాపీలు కట్టలు విప్పకుండా ఉన్నాయి. ప్రతి కాపీలోనూ ఒక తప్పొప్పుల చీటీ అంటించాలని తేలింది. మాటలు హాల్లోనే కూర్చుని రాశాం. ఆయన చదివి కింద సంతకం పెట్టాడు. చివరి వాక్యం అత్త చెప్పింది. అది ఉండి తీరాల్సిందేనని పట్టుబట్టింది, నేనూ కాదనలేదు. రేపు సెలవు మానేసి ప్రెస్సుకి వెళ్ళి కంపోజ్ చెయ్యి. నాన్న కోసమనో నా కోసమనో ఒక్క అక్షరం కూడా మార్చకు.

‘తప్పొప్పులు. 112వ పేజీ, 7వ పంక్తి.

తప్పు: బాయిలర్ ఆపరేటరు తాగి నిద్రపోయాడు.

ఒప్పు: బాయిలర్ ఆపరేటరు మెలకువగా ఉన్నాడు. వాల్వు పనిచేయడం లేదని నాకు చెప్పాడు. నడపమని నేను రెండుసార్లు చెప్పాను. రెండోసారి అతని కొడుకు సీటు అడ్డం పెట్టి చెప్పాను. అతను ఒప్పుకున్నాడు. బొగ్గు వేసే మనిషిని ఎవరూ అడగలేదు.’

నీ తమ్ముడు